వెట్టి చీరె

మా అత్తయ్య యాదమ్మ ముందు అనకూడని మాట ఒకటుంది. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో నాకది తెలియదు. నాది మంగళగిరి. మావాళ్లూ నేతవాళ్లే, వీళ్లూ నేతవాళ్లే. మగ్గం చప్పుడు రెండుచోట్లా ఒకటే గానీ మాట వేరు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల షాపుకొచ్చే ఆడవాళ్లు బేరమాడుతూ "నీ బాంచెన్, జర తక్కువ జెయ్యి" అంటుంటే నాకు భలే ముద్దొచ్చేది. బాబ్బాబు అన్నట్టు కాబోలు అనుకున్నాను. ఒకరోజు ఒంట్లో నలతగా ఉండి, నవ్విద్దామని, "మీ బాంచెన్ అత్తయ్యా, ఇవాళ్టికి వంట మీరు చేసెయ్యండి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. వంట చేసింది, నాకు వడ్డించింది, ఎదురుగా కూర్చుంది.

"రత్నం, గా మాట నా ఇంట్ల అనకు. బాంచెన్ అంటె ఏందో ఎరుకేనా? నీ దాసిని అని. నీ కాళ్లకాడి గులాంను అని."

నా పూర్తి పేరు శేషారత్నం. ఆవిడ రత్నం అని పిలిస్తే ప్రేమ. ఆ రోజు ప్రేమగానే పిలిచి, తన కథ చెప్పింది.

వాళ్లది పోచంపల్లి పక్క ఊరు. అప్పట్లో గడీలో దొర ఇంట పెళ్లయితే ఊళ్లో ప్రతి మగ్గం నుంచీ ఒక చీర ఊరికే పోవాలి. దాన్నే వెట్టి చీరె అనేవాళ్లు. ఇస్తావా అని అడిగేవాళ్లు ఉండరు, మనిషి వస్తాడు, చీర పట్టుకుపోతాడు, అంతే. ఈవిడకి అప్పటికి ఇరవై ఏళ్లు. తండ్రి కోదండం జ్వరంతో పడుంటే ఆ చీర ఈవిడే నేసింది. దొర మనిషి వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇయ్యనంది. వాళ్లు చీరను వదిలేసి తండ్రిని పట్టుకుపోయారు. గడీ ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు.

దొర ఈవిడని పిలిపించి, "చీరె రెండు చేతుల మీద వెట్టుకొని, వంగి, బాంచెన్ దొరా తీస్కో అను. మీ అయ్యను ఇడుస్త" అన్నాడట.

ఈవిడ అనలేదు. బండ కింద నుంచి తండ్రి ఏదో అన్నాడు. "అనకు బిడ్డా" అన్నాడో, "అను బిడ్డా" అన్నాడో ఈవిడకి ఇప్పటికీ తెలియదు, గొంతు సరిగా పెగల్లేదట. పొద్దు వాలేసరికి ఊళ్లో నేతవాళ్లంతా వచ్చి గడీ ముందు కూర్చున్నారు. దొర బండ తీయించాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో వెట్టి చీరె లేదు. కోదండం గారి నడుము మాత్రం మళ్లీ నిటారు కాలేదు, మగ్గం గుంటలోకి మళ్లీ దిగలేదు.

అదీ సంగతి. ఆ మాట ఈ ఇంట్లో ఎందుకు వినపడదో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక మా ఆయన అశోక్ సంగతి. మంచివాడే, కాకపోతే రాజకీయం పిచ్చి. ఎవరి పుట్టినరోజు వచ్చినా ఫ్లెక్సీ కడతాడు. ఫ్లెక్సీ మీద అందరి కంటే కింద, మూలన, పోస్టల్ స్టాంపంత ఫోటోలో ఉంటాడు. ఇన్నేళ్లలో ఒక్క సభలోనైనా స్టేజీ మీద కుర్చీ దొరకలేదు. ఈసారి కార్పొరేటర్ టికెట్ తనకే అని ఆశ. ఇవ్వాల్సింది చైతన్య అనే నాయకుడు. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ ఆయన్ని చైతన్యన్న అంటారు.

ఆ చైతన్యన్న ఎల్‌బీ నగర్‌లో ఓ సభ తలపెట్టాడు. పేరు "వెట్టి విముక్తి వారసత్వ సభ". వెట్టికి ఎదురు తిరిగిన పాతతరం వాళ్లకు సన్మానం. అందులో ముఖ్యమైన సన్మానం మా అత్తయ్యకి. ఆ కబురు విన్న రోజు మా ఆయన షాపు ముందే స్వీట్లు పంచాడు. అత్తయ్య వద్దంది గానీ మనసులో సంతోషించిందని నాకు తెలుసు. పెట్టె అడుగు నుంచి తను నేసుకున్న పాత చీర తీసి ఎండలో వేసింది.

రెండ్రోజుల తర్వాత మధుకర్ వచ్చాడు. చైతన్యన్న చుట్టూ తిరిగేవాళ్లలో మొదటివాడు.

"అన్నా, సభకొచ్చే ఆడోళ్లందరికి చీరె వెట్టాలె. ఎవరినడుగుదామంటే చైతన్యన్న నీ పేరే చెప్పిండు. మనోడు ఉండంగ బయట ఎందుకు అన్నడు."

"గంతకంటె ఏం గావాలె మధూ! ఎప్పటికి పంపాలె?" అన్నాడు మా ఆయన. ఎవరు కొంటున్నారని అడగలేదు.

నేను ఊరుకోలేక, "బిల్లు ఎవరి పేరు మీద రాయమంటారండీ?" అన్నాను.

మధుకర్ పగలబడి నవ్వాడు. "వదినా, గుంటూరు మాట గుంటూరు లెక్క!" అన్నాడు. కౌంటర్ కింద మా ఆయన నా కాలు తొక్కాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం అని మావైపు సామెత. చీరలు మావి, పెట్టే చెయ్యి చైతన్యది. మధుకర్ వెళ్లాక అదే అన్నాను. "ఏవండీ, మీ అమ్మగారు ఇవ్వనన్న చీర లాంటిదే కదా ఇది?"

"రత్నా, జర నోరు మూస్కో. గది వెట్టి, గిది పార్టీ పని. అమ్మకు చెప్పినవంటే మంచిగుండదు" అన్నాడు. మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు. ఇంట్లో యుద్ధమెందుకని నేనూ ఊరుకున్నాను.

మా షాపులో చీరలు మడిచే పని అత్తయ్యదే. కాళ్లు చాపుకుని గోడకి ఆనుకుని మడుస్తుంది. కొంగు కొసను లోపలికి ముక్కోణంగా దోపుతుంది. మగ్గం మీంచి దించిన చీరను వాళ్లయ్య అట్లాగే మడిచేవాడట. అన్ని చీరలు ఒక్కసారి తీసేసరికి ఆవిడ కళ్లు మెరిశాయి.

"పెండ్లిళ్లు లేని కాలంల ఇంత గిరాకీ ఎవలదిరా అశోక్?"

"ఎల్‌బీ నగర్ పార్టీ అమ్మా" అన్నాడు.

మా వ్యాపారంలో పెద్ద గిరాకీని పార్టీ అనే అంటాం. మా ఆయన అబద్ధం కూడా ఆడలేదు చూడండి. పాపం ఆవిడ, పార్టీ మళ్లీ రావాలని ఒక్కో చీరనీ ముడత లేకుండా మడిచింది.

సభ రోజు ఫంక్షన్ హాలు నిండిపోయింది. హైవే మీద బస్సుల హారన్లు లోపలికి వినపడుతూనే ఉన్నాయి. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద చైతన్య మొహం తలుపంత ఉంది, మా అత్తయ్య మొహం తమలపాకంత. వచ్చిన ఆడవాళ్లకి ముందే చీరల సంచులు పంచేశారు. చాలామంది వాటిని ఒళ్లో బోర్లించుకుని కూర్చున్నారు.

చైతన్యని అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. టీవీలో చూసి తిట్టుకోవడం సులువు. ఎదురుగా వచ్చినప్పుడు ఆయన మా అత్తయ్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కించాడు. "మోకాళ్ల నొప్పులున్నయా అమ్మా? మా అమ్మకు గూడ గట్లనే" అన్నాడు. ఏసీ గాలి ఆవిడ మీదకి సూటిగా వస్తోందని కుర్చీ జరిపించాడు. పక్కనున్న ఒకామె, ఈయన ఆ గడీ దొరకి చుట్టమా అని నన్ను అడిగింది. కాదు. ఆ ఊరూ కాదు, ఆ ఇల్లూ కాదు. అయి ఉంటే తిట్టుకోవడానికి నాకు తేలిగ్గా ఉండేది.

తర్వాత మైకు పట్టుకుని అత్తయ్య కథ చెప్పాడు. బాగా చెప్పాడు. చీరను పట్టుచీర చేశాడు, దొర చేతికి కొరడా ఇచ్చాడు, కోదండం గారి పేరు చెప్పడం మరిచిపోయాడు. అయినా నా కళ్లు చెమర్చాయి. "నా ఆత్మగౌరవాన్ని ఊరికే ఇయ్య అన్న తల్లి!" అంటుంటే హాలంతా చప్పట్లు. స్టేజీ మీద చివరి వరసలో ఖాళీ కుర్చీ ఒకటుంది. అది మీ ఆయనకే, సన్మానం కాగానే పిలుస్తారు అని మధుకర్ నా చెవిలో ఊదాడు. మా ఆయన మెట్ల పక్కన తయారుగా నిలబడ్డాడు.

అప్పుడు పళ్లెంలో చీర వచ్చింది. చైతన్య దాన్ని రెండు చేతులా తీసి మా అత్తయ్య చేతుల్లో పెట్టాడు. కెమెరాల వైపు తిరిగి నిలబడ్డాడు.

అత్తయ్య కెమెరా వైపు చూడలేదు. చీర అంచు తడిమింది. కొంగు వెతికింది. లోపల ముక్కోణంగా దోపిన కొస వేళ్లకి తగిలింది.

"గీ చీరె యాడ కొన్నవ్ బిడ్డా?" అంది. మైకు దగ్గరగా ఉండడంతో అందరికీ వినపడింది.

"మీకోసం స్పెషల్‌గా నేయించినం అమ్మా!" అన్నాడు చైతన్య. మళ్లీ చప్పట్లు.

అత్తయ్య హాలులోకి చూసింది. ముందు వరసలో ఆడవాళ్లు చీరలు సంచుల్లోంచి తీసి విప్పుతున్నారు. ఒక్కో మడతలోంచి ఒక్కో ముక్కోణం జారి కొంగు బయటపడుతోంది. ఎల్‌బీ నగర్ పార్టీ అంటే ఏ పార్టీయో, ఆ చీరలు ఊరికే ఎట్లా పోయాయో ఆవిడకి అర్థమైపోయింది. తల తిప్పి కొడుకుని చూసింది.

మా ఆయన గుండె దగ్గర రెండు చేతులూ జోడించి ఉన్నాడు. చూసేవాళ్లకి అది నమస్కారం. అది నమస్కారం కాదని నాకు తెలిసింది, ఆవిడకీ తెలిసింది. అమ్మా, ఏమీ అనకు, ఈ ఒక్కరోజు ఏమీ అనకు, అని ఆ మొహం బతిమాలుతోంది. నాకు ఒళ్లు మండింది. అడగండి అత్తయ్యా, గట్టిగా అడగండి అని అరవాలనిపించింది.

ఆవిడ చీరను రెండు అరచేతుల మీద పరిచింది. తల దించింది. ఎప్పుడూ వంగని ఆ నడుము నెమ్మదిగా, మోకాళ్ల దాకా వంగింది. చీరను చైతన్య ముందుకి చాపి, "బాంచెన్ దొరా, తీస్కో" అంది.

చీరలు విప్పుతున్న చేతులు ఆగిపోయాయి. ఇప్పుడు తెలుస్తుంది వీళ్లకి, అనుకున్నాను.

చైతన్య మైకు ఎత్తాడు. కళ్లు తుడుచుకున్నాడు, నిజంగానే. "అబ్బా! ఆ రోజులెట్లుండెనో కండ్ల ముందర వెట్టింది మా అమ్మ! చూసిన్రా, ఎట్ల జేసి చూపించిందో!" అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈలలేశారు. చైతన్య వంగి అత్తయ్య కాళ్లకి దండం పెట్టాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆ వెంటనే మా ఆయన పేరు పిలిచారు. ఆయన మెట్లెక్కి వచ్చి, తల్లిని చూడకుండా, ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

భోజనాలకి మేం ఉండలేదు. మా ఆయన నాయకులతో ఉండిపోతే అత్తాకోడళ్లం మెట్రో ఎక్కాం. ఎల్‌బీ నగర్‌లోనే బండి మొదలు కాబట్టి సీట్లు దొరికాయి. అత్తయ్య ఒళ్లో సన్మానం చీర ఉంది. ఎవరో తెచ్చి మళ్లీ చేతిలో పెట్టారు.

"భలే గడ్డి పెట్టారు అత్తయ్యా. వాళ్లకి బుర్ర లేక అర్థం కాలేదు గానీ" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చైతన్యపురి దాటాక అంది.

"కోపంతోనే మొదలువెట్టిన రత్నం. ఆని మొఖం మీద కొట్టినట్టే అనాల్నని వంగిన. వంగినంక అశోక్‌గాడు కండ్లల్ల మెదిలిండు. టికెట్ రాకపోతె ఎట్ల బతుకుతడో అనిపిచ్చింది. కోపం యాడ వోయిందో ఎరుకలే. గా మాట నిజంగనే అన్న."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"మా అయ్య బండ మోస్తుంటె అనలే. ఆయన అనకు అన్నడో, అను అన్నడో ఇయ్యాల్టికీ తెల్వది. నా కొడుకు ఏమన్నడో మాత్రం సాఫ్ తెలిసింది" అంది. అప్పుడు ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడడం నాకదే మొదలు.

దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో దిగుతుండగా మా ఆయన ఫోన్ చేశాడు. జనం గోలకి వినపడక స్పీకర్ పెట్టాను.

"రత్నా! చైతన్యన్న ఫుల్ ఖుష్! టికెట్ మనకే అన్నట్టు చెప్పిండు. ఒచ్చే వారం తుర్కయంజాల్‌ల పెద్ద సభ, మంత్రిగారొస్తుండు. అమ్మ ఇయ్యాల చేసినట్టే ఆడ గూడ ఒక్కసారి చేసి చూపిస్తదా అని అడుగుతుండు. అమ్మ పక్కన ఉన్నదా? జర అడుగు."

నేను అడగలేదు. అడగాల్సిన పనీ లేదు, ఆవిడ అంతా విన్నది. మెట్ల దగ్గర రైలింగ్ పట్టుకుని ఆగి, ఒళ్లు ఎంత కూడదీసుకున్నా నడుము పూర్తిగా నిలపలేక, నా చేతిలో ఫోన్ వైపు వంగింది.

"చీరెలెన్ని గావాల్నటరా?" అంది. "మడువాలె గద."