జాడలు చెరిపే దురుగమ్మ

చీపురును వెనక్కి లాక్కుంటూ, నడుం ఒంచి, దురుగమ్మ ఏటి ఒడ్డున నడుస్తోంది. రిసార్టులో అతిథులు లేవకముందే ఆకులు, సీసా మూతలు, రాత్రి విందులో తొక్కి పారేసిన గ్లాసులు ఏరెయ్యాలి. తర్వాత ఇసుకంతా నున్నగా ఊడ్చాలి. అది జీతానికి చేసే పని.

జీతం లేని పని ఇంకొకటుంది. కొన్ని పొద్దులు నీటి అంచు నుంచి పైకి వచ్చి, మళ్లీ నీటిలోకే దిగిన తాబేలు గోళ్ల గుర్తులు కనిపిస్తాయి. రెండు వరసలు, మధ్యలో కడుపు ఈడ్చిన చార. అప్పుడామె ముందు అటూ ఇటూ చూస్తుంది. ఆ పైన ఒక్క గోటి గుర్తు మిగలకుండా చెరిపేస్తుంది. జాడ ఉంటే గుడ్ల కోసం కుక్కలు వస్తాయి. కుక్కల కన్నా ముందు మనుషులు వస్తారు.

ఆ ఇసుక ఆమెకు కొత్తది కాదు. కంప్లి దాటాక ఈ వంపులో ఎండాకాలం తుంగభద్ర వెనక్కి తగ్గితే, మొగుడు సోమప్పతో కలిసి ఇరవై ఏళ్లు ఇక్కడే గుంటలు తీసి కళింగర పుచ్చపాదులు పెట్టింది. గుంటలో తాబేలు గుడ్లు తగిలితే సోమప్ప పార ఆపి, తీసిన ఇసుక తీసినట్టే కప్పేవాడు. ఆ ఏడు ఆ గుంటలో విత్తనం వెయ్యరు. అది ఏటికి విడిచిన వంతు. ఒక ఏడు పదకొండు గుంటలు అట్లా వదులుకున్నారు. ఇంట్లో జొన్నలు నిండుకున్న రోజున కూడా ఆ గుడ్ల మీదికి చెయ్యి పోలేదు. సోమప్ప పోయాడు. ఒడ్డు ఎవరిదో అయింది. ఇనుప కంచె లేచింది. పార పట్టిన చేతికి చీపురు వచ్చి మూడేళ్లయింది.

ఆ పొద్దున మేనేజరు గురురాజ్ వచ్చి, శనివారం బెంగళూరు నుంచి నూరుమంది వస్తున్నారనీ, వాలీబాల్ ఆడటానికి ఒడ్డు చదును చెయ్యాలనీ, పదింటికి జేసీబీ వస్తుందనీ చెప్పాడు. చెయ్యి చాపి అతను చూపించిన మేరలోనే మూడు చోట్ల గుడ్లున్నాయి. మూడేళ్లు మూసిన నోరు దురుగమ్మ అప్పుడు తెరిచింది.

"ఈడ తాంబేలు గుడ్లు ఉండాయి సార్. మూడు తావుల. మిషన్ వద్దు."

గురురాజ్ చెడ్డవాడేం కాదు. తను టీ తాగితే ఆమెకూ పోయించేవాడు. నవ్వాడు. "దినామూ నేను చూస్తాండా కదమ్మా. ఒక్క గుర్తన్నా యాడుండాది?"

లేదు. ఆమే చెరిపింది. ఎంత శుభ్రంగా చెరిపిందంటే, ఇప్పుడు ఆమె మాటకు ఆ ఇసుకే సాక్ష్యం చెప్పడం లేదు.

అడవి శాఖలో వాచరుగా ఉన్న హులిగేశ్ ఆమె ఊరివాడే. ఫోను చేస్తే బండి వేసుకుని వచ్చాడు. ఒడ్డంతా రెండుసార్లు తిరిగాడు. ఉత్త ఇసుక ఫోటో పంపితే ఆఫీసులో నవ్వుతారన్నాడు. అప్పటికే గేటు దగ్గర జేసీబీ గుర్రుమంటోంది.

దురుగమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. మూడింటిలో ఒకటి పోతే రెండు బతుకుతాయనుకుంది. మోచెయ్యి మునిగే దాకా ఇసుక తోడింది. అడుగున సున్నం పూసినట్టు తెల్లగా, గుండ్రంగా గుడ్లు. ఆమె వాటిని తాకలేదు. తల్లి పెట్టిన తీరు తిరగబడితే లోపలిది బతకదు.

తాకే చేతులు వేరే ఉన్నాయి. భుజాన తువ్వాళ్లు, చేతుల్లో ఫోన్లు పట్టుకుని అతిథులు మూగారు. ఒకామె గుడ్డు తీసి చెవి దగ్గర ఊపింది. దురుగమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"తిప్పొద్దు తల్లీ. తిప్పితే సస్తాది."

ఆ అతిథి చెయ్యి విదిలించుకుని, అంటుకున్న ఇసుకను తువ్వాలుతో తుడుచుకుంది. హులిగేశ్ ఒక బకెట్టు తెప్పించి గుడ్లన్నీ అందులో వేశాడు.

జేసీబీ ఆగింది. గురురాజ్ యజమానితో చాలాసేపు ఫోనులో మాట్లాడి, వెలిగే మొహంతో వచ్చాడు. ఆటస్థలం వంటశాల వెనక్కి మారింది. ఇక్కడ తాబేళ్ల పాయింటు పెడతారట. చుట్టూ తాడు, పెద్ద బోర్డు, రాత్రిపూట చూడ్డానికి దీపాలు, మనిషికి టికెట్టు. వెలుతురుంటే తాబేలు గట్టెక్కదని ఆమె చెప్పింది. అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఈలోగా అతిథులు ఫోన్లలో తీసిన వీడియో అడవి శాఖ పైవాళ్ల దాకా పోయింది. అందులో తవ్వుతున్న చేతులు దురుగమ్మవి. గుడ్లు తవ్వడం నేరం. ఊపి చూసిన చేతులు ఎవరివని ఒక్కరూ అడగలేదు. ఆ చేతుల వాళ్లు ఇడ్లీ చల్లారిపోతుందని వెళ్లిపోయారు.

"ఏం చేయల్ల అత్తా, ఫోనొచ్చినాది," అంటూ హులిగేశ్ కేసు రాసే పుస్తకం తీశాడు.

గురురాజ్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మిగతా రెండూ యాడుండాయో చూపించు. ఈ యమ్మే కాపాడినాదని రాయిస్తా. కేసుండదు, పనీ ఉంటాది."

రెండోది ఆమె నిలబడిన చోటికి నాలుగడుగుల దూరం. ఆమె అటు చూడలేదు.

"యాడివి సార్. ఒకటే ఉండె. మీరు మిషన్ ఆపల్లని సుమ్నె, ఊరికే మూడంటి."

హులిగేశ్ ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. సోమప్ప వదిలేసిన గుంటలు చూసినవాడే. తల వంచుకుని ఆమె చెప్పినట్టే రాశాడు. ఆమె వేలిముద్ర వేసి, బొటనవేలికి అంటిన సిరాను తల వెంట్రుకలకు తుడుచుకుంది.

మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా గేటు దాటి రోడ్డెక్కింది. సిరిగేరిలో కూతురి దగ్గర ఉండి కూలికి పోతోందని తర్వాత ఎవరో అన్నారు. బకెట్టులోని గుడ్లు ఒక్కటీ పిల్ల కాలేదు. ఉత్త గుంట చుట్టూ తాడు కట్టారు. టికెట్టు కొన్నవాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు.

పోయేముందు ఆమె విప్పి వదిలిన రిసార్టు నీలం కోటు, ఆమె పనికి తర్వాత వచ్చిన ఇద్దరిలో ఎవరికీ సరిపోక, వంటశాల గోడ మేకుకు వేలాడుతోంది. గాలికి ఊగినప్పుడల్లా దాని జేబు కుట్టులోంచి సన్నని ఇసుక సిమెంటు గచ్చు మీదికి రాలుతోంది.