పన్ను కట్టే చోటు

లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుకి సరిహద్దు అవతలి ఊళ్లో మంచి ఉద్యోగం దొరికింది. అతని భార్య ఇవతలి ఊళ్లో కట్టుడుపళ్లు చేసేది. ఇంటి వెనక గదే ఆవిడ పనిచోటు. కిటికీ కింద బల్ల, సానబట్టే మోటారు, గోడ పొడుగునా అరల్లో ఊళ్లోవాళ్ల దవడల ప్లాస్టరు అచ్చులు. అవతల అద్దెకు ఇల్లు చూసుకున్నారు. ఇక్కడి సొంతిల్లు తాళం వేసి ఉంచుదామనుకున్నారు. అలా చేస్తే రెండు దేశాలకూ పన్ను కట్టాల్సి వస్తుందని ఎవరో భయపెట్టడంతో ఆడిటరు దగ్గరికి వెళ్లారు.

ఆడిటరు నడివయసు మనిషి. ఆవిడ ఆఫీసు చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. మెకానిక్కు మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ ఆగి, దాని తలుపు సందులోంచి తొంగిచూసి మరీ వచ్చాడు.

"ఇక్కడి ఇల్లు ఉంచుకుంటామంటున్నారు. చిక్కు అక్కడే," అంది ఆడిటరు. "అటూ ఇటూ ఇల్లు మీ చేతిలోనే ఉంటే, రెండు సర్కార్లూ 'మా మనిషే' అంటాయి. అప్పుడు మీ బతుకు ఏ వైపు ఎక్కువ ముడిపడి ఉందో చూస్తారు. పని, మనుషులు, రోజూ తిరిగే చోట్లు..."

"మాకు అటేనండీ," అన్నాడు మెకానిక్కు.

"మీకు సరే. మరి ఆవిడకి?"

"తనకీ అటే. నాతోనే కదా వచ్చేది."

"ఆవిడను చెప్పనివ్వండి. చట్టం ఆలుమగల్ని ఒక ముద్దగా చూడదు. ఎవరి లెక్క వాళ్లదే. మీరు అటు, ఆవిడ ఇటు అని తేలినా తేలొచ్చు."

మెకానిక్కు నోరెళ్లబెట్టాడు. "మొగుడిదో దేశం, పెళ్లానిదో దేశమా?"

"కాపురానికేం ఢోకా లేదండీ. పన్ను కట్టే చోటు వేరు, అంతే."

"నేనిన్నాళ్లూ కట్టింది ఆ పన్ను కాదు లెండి," అని భార్య నవ్వింది. ఆడిటరూ నవ్వింది గానీ ప్రశ్న మాత్రం వదల్లేదు. ఆవిడ కళ్లు భార్య మీదే ఉన్నాయి.

భార్య జవాబు చెప్పబోయి ఆగిపోయింది. ఎక్కడుంటారని ఎవరడిగినా 'మేము' అని మొదలుపెట్టడమే ఆవిడకు అలవాటు. 'నేను' అనుకుని చూస్తే వాక్యం ముందుకు సాగలేదు.

"నాకు తెలీదండీ. తెలుసుకుని చెప్తాను," అంది.

"మంచిది. ఇద్దరూ ఒకేసారి వెళ్లాలని ఏమీ లేదు. కానీ వెళ్లేవాళ్లు పూర్తిగా వెళ్లండి. గోడమీద పిల్లిలా కూర్చుంటేనే తంటా."

మెట్లు దిగుతుంటే మెకానిక్కు మొహం ముడుచుకున్నాడు. "నీకు తెలీకపోవడమేమిటే?"

"నిజంగానే తెలీదండీ. మీకంత తొందరగా ఎలా తెలిసిందా అనుకుంటున్నాను."

అతను ఉద్యోగంలో చేరాక, కొన్నాళ్లు ఉండి చూద్దామని ఆవిడా వెళ్లింది. అతను పనికి పోగానే ఊరి మీద పడేది. ఆవిడ కళ్లు ఎక్కడైనా ముందు నోళ్ల మీదకే పోతాయి. ఆ ఊళ్లో పెద్దవాళ్లు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. బస్సులోనూ అంతే, రొట్టెల దుకాణంలోనూ అంతే. ఎందుకో అంతుపట్టక, వీధి చివర ఇస్త్రీ దుకాణం ముసలమ్మనే అడిగేసింది.

ముసలమ్మ జేబులోంచి పళ్ల సెట్టు తీసి బల్ల మీద పెట్టింది. "ఇక్కడ చేసేవాళ్లు లేరమ్మా. ఎక్కడినుంచో పెట్టెలో వస్తాయి. నోట్లో నిలిస్తేగా! నవ్వితే ఊడిపడతాయి."

భార్య దాన్ని వెలుగుకేసి తిప్పి చూసింది. సంచిలోంచి కొరికితే రంగంటే నీలి కాగితం ముక్క తీసి, సెట్టు పెట్టుకుని కొరకమంది. ఎడమవైపు ఒక్క పన్ను మీదే మరక పడింది. "ఇదిగో, ఇదీ దొంగ! మిగతావి కలవకుండా ఇదే అడ్డుపడుతోంది." మొగుడి పనిముట్లలోంచి సన్నటి ఆకురాయి తెచ్చి, కాస్త అరగదీయడం, మళ్లీ కొరికించడం, మళ్లీ అరగదీయడం. ముసలమ్మ గట్టి బిస్కెట్టు కటుక్కున కొరికి, తనే ఉలిక్కిపడింది.

ఈ సంగతి ఆ ఊరి పళ్ల డాక్టరు చెవిన పడింది. ఆయన పిలిపించి, ఇక్కడే పని పెట్టుకోమని తన ఆసుపత్రి వెనక గది చూపించాడు. కిటికీ చిన్నదే గానీ వెలుగు బాగుంది. ఊరి పెద్దవాళ్లకు కింది దవడలు ఇంత ఇరుకుగా ఎందుకున్నాయో ఆయనకీ తెలీదట. ఆ మాట వినగానే, అదేమిటో తనే తేల్చాలనిపించింది ఆవిడకి.

ఆడిటరుకు ఆవిడే ఫోన్ చేసింది. "నాకూ అటేనండీ." ఇవతలి సొంతిల్లు ఒప్పందంలో గడువు రాసి పూర్తిగా అద్దెకిచ్చేశారు. ఇకనుంచి ఇద్దరూ అవతలి మనుషులే అని ఆడిటరు ఎవరి కాగితాలు వాళ్లకు వేరువేరుగా రాసిచ్చింది.

"మొత్తానికి నా మాటే నెగ్గింది," అన్నాడు మెకానిక్కు, కొత్తింట్లో సామాను విప్పుతూ.

"నెగ్గలేదు. మీరు చెప్పింది మీ సంగతి, నేను చెప్పింది నాది. రెండూ కలిశాయి, అంతే."

అతనికి ఆ మాట కాస్త గుచ్చుకుంది. అయినా స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "అవునూ, పన్ను ఎత్తుగా ఉందని ఆ కాగితానికెలా తెలుస్తుంది?" అన్నాడు.

ఆవిడ కుర్చీ దీపం కిందికి లాగింది. "కూర్చోండి. ఏదీ, నోరు తెరవండి."

తెరిచిన నోటితోనే అతను ఇంకో ప్రశ్న వేశాడు. ఆవిడకి ఒక్క ముక్కా అర్థం కాలేదు.