మైనస్ ఐదున్నర

నేను ఒక కళ్లజోడును. నల్లటి ప్లాస్టిక్ ఫ్రేము, రెండు అద్దాలూ మైనస్ ఐదున్నర. భీమవరంలో జిలానీ గారి దుకాణంలో పుట్టాను. నా పుట్టుకలోనే ఒక అబద్ధం ఉంది. ఏడాది పాటు దాన్ని మోస్తూ భయపడుతూ బతికాను.

నన్ను చేయించింది భీమరాజు గారు, సైన్సు మేస్టారుగా రిటైరయిన మనిషి. నన్ను పెట్టుకున్నది ఆయన ఒక్కగానొక్క కూతురు ప్రసూన. రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్. కంటి పరీక్ష కాగానే ఆమె పనికి పరుగెత్తింది. చీటీ తండ్రి చేతిలో మిగిలింది. అంతకు ముందు జోడు ఐదున్నర. చీటీలో ఇప్పుడు ఆరున్నర.

“జిలానీ, పాత నంబరే వెయ్యవయ్యా. పెంచుకుంటూ పోతే కన్ను దానికే అలవాటు పడిపోద్దని మా ఆవిడ అంటుండేది” అన్నారు మేస్టారు.

“అదేంటండి మేస్టారూ, సైన్సు చెప్పినోరు మీరే అలాగంటే ఎలాగండి?”

“వెయ్యవయ్యా బాబూ. పిల్లకి మాత్రం చెప్పమాకు.”

ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. బతికుండగా ఆవిడ మాటల్లో సగం నవ్వి కొట్టేసిన మనిషి, పోయాక ఒక్కటి కూడా పారేయలేకపోయారు. కటకాల బొమ్మలు ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద గీసిన చెయ్యే ఆ చీటీని మడిచి పర్సులో ఆవిడ ఫొటో వెనక దాచింది.

ప్రసూన నన్ను మాటిమాటికీ తుడిచేది. తుడిస్తే పోయే మసకా అది? సాయంత్రానికి ఆమెకు తలనొప్పి. ‘అద్దాలున్నా కనబడకపోతే ఇక నా కళ్లు ఏమైనట్టు?’ అని అద్దం ముందు నిలబడి కనురెప్పలు పైకెత్తి చూసుకునేది. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఒక పొద్దున, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూద్దామని చెరువులో వేలాడే వల పళ్లేన్ని పైకి లాగుతూ ఆమె వంగింది. చెమటకు జారి నీళ్లలో పడ్డాను. నేను లేని ప్రసూన చెక్క వంతెన మీద కదలకుండా కూర్చుండిపోయింది. అంచు ఎక్కడుందో ఆమెకు తెలియదు. భూషణం అనే పనివాడు గుండెల్లోతు నీళ్లలో దిగి, కాలివేళ్లతో వెదికి నన్ను పైకి తీశాడు.

“పాపగారూ, ఓ రొయ్య పెట్టేసుకుందండి. ఎంతడిగినా ఇవ్వనంటంది” అన్నాడు. తలగుడ్డలో పొడిగా ఉన్న కొస వెదికి మరీ నన్ను తుడిచాడు.

ఆమె నవ్వింది గానీ, నన్ను రెండు చేతులతో అదిమి పట్టుకునే వంతెన దిగింది. ఇంటికి వెళ్లగానే చెప్పేసింది: “నాన్నగారూ, జోడు అక్కర్లేకుండా లేజర్ ఆపరేషన్ చేయించేసుకుంటానండి. ఏదోనాడు చెరువులో పడి చస్తాను.”

మేస్టారికి ఆ రోజు అన్నం దిగలేదు. ఉన్నది ఒక్క పిల్ల. దాని కళ్ల మీద మంట లాంటి కిరణమా?

రాజమండ్రిలో కంటి ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ నన్ను ఒక యంత్రంలో పెట్టి కొలిచారు. ఐదున్నర అని చెప్పింది. ప్రసూన కళ్లను ఇంకో యంత్రం కొలిచి ఆరున్నర అంది. మందుచుక్కలు చల్లగా తగులుతాయని నర్సమ్మ సీసాను కాసేపు అరచేతిలో మూసి పట్టుకుంది. నేను మేస్టారి చొక్కా జేబులోకి చేరాను. ఆయన గుండె నా వీపు మీద కొట్టుకుంటోంది.

డాక్టరమ్మ కాగితాలు చూసింది. “కంటి ముందు పొర, అదే కార్నియా, మందం బాగానే ఉంది. కానీ ఏడాదిలో ఒక పాయింటు పెరిగిందమ్మా. కన్ను నిలకడ పడకుండా లేజర్ చెయ్యకూడదు. ఇప్పుడు కుదరదు.”

నా వెనక గుండె ఒక్కసారిగా నెమ్మదించింది. ఆయన కోరుకున్నది ఇదే. నోరు మెదపకపోతే చాలు.

“ఇంకా పెరుగుద్దా అండి? పెరిగి పెరిగి చివరికి...” అంటూ ప్రసూన పక్కకు తిరిగింది. నేను లేక, మసకలో తండ్రి ఎక్కడున్నాడో తెలియక, చెయ్యి గాలిలో తడుముతోంది.

మేస్టారు ఆ చేతిని చూశారు. పర్సు తీశారు. ఫొటో వెనకనుంచి చీటీ బయటికొచ్చింది.

“పెరగలేదండి డాక్టరు గారూ. ఏడాది కిందటే ఆరున్నర. నేనే తక్కువ వేయించాను.”

డాక్టరమ్మ చీటీ చదివి ఆయన్ను తిట్టలేదు. బరువైన ఇనప చట్రం ఒకటి తెచ్చి, ఆరున్నర అద్దాలు దూర్చి, ప్రసూన ముక్కు మీద పెట్టింది. ఆమె మొదట చూసింది గోడ మీది అక్షరాలను కాదు.

“నాన్నగారూ, ఇంత చిక్కిపోయారేంటండి?”

మేస్టారు మొహం తిప్పుకున్నారు. ఆమే మళ్లీ అంది: “ఏడాదంతా గుడ్డిదాన్నయిపోతానని ఏడిచానండి. ఒక్క మాట చెప్పొచ్చు కదా.”

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “నంబరు నిలిచింది కాబట్టి ఇప్పుడు చెయ్యొచ్చమ్మా. కానీ ఒకసారి చెక్కేసిన పొర తిరిగి రాదు. కొన్నాళ్లు కళ్లు పొడిబారొచ్చు, కొన్ని వారాలు చెరువు నీళ్లు కంట్లో పడకూడదు. నలభై దాటాక చదవడానికి ఎలాగూ అద్దాలొస్తాయి. ముందు సరైన జోడుతో కొన్నాళ్లు తిరుగు. అప్పటికీ కావాలనిపిస్తే రా.”

“పట్టుబడి అయ్యాక చెప్తానండి” అంది ప్రసూన. చెరువులో రొయ్యలు పట్టేదాకా, అంటే రెండు నెలలు.

“కావాలంటే చేయించుకోమ్మా. బయట బల్ల మీద నేను కూర్చుంటాను” అన్నారు మేస్టారు. గొంతులో భయం అలాగే ఉంది. దాన్ని ఈసారి దాచలేదు.

ఆమె ఏం తేల్చుకుందో నాకు తెలియదు. కొత్త జోడు రాగానే నన్ను ఆ ఆసుపత్రికే పంపారు, లేనివాళ్లకిచ్చే పాత కళ్లజోళ్ల అట్టపెట్టెలోకి. మూత తెరుచుకున్నప్పుడల్లా నా కోసమేనేమో అనుకుంటాను. చూసి మళ్లీ లోపల పెట్టేస్తుంటారు. చెవికి తగిలించే నా కాడకు నర్సమ్మ ఒక చీటీ అంటించింది. అందులో ఉన్నది ఉన్నట్టే రాసింది, ఐదున్నర అని. సరిగ్గా ఐదున్నర కళ్లతో ఎవరో ఒకరు ఆ గుమ్మం ఎక్కే రోజు కోసం చూస్తున్నాను. ఆ ముక్కు మీద నేను అబద్ధం కాను.