కొమ్మ విరిగితే

చింతకాయ పెంకు వలిచి, పండు చీల్చి, గింజ తీసి పక్కన పడేస్తోంది ఆమె. వేలి పగుళ్లలోకి పులుపు దిగి చురుక్కుమంటోంది. ఏటా ఈ రోజుల్లో వీధిలో ఆడవాళ్లంతా ఈ పెరట్లోనే చాపలు పరిచేవారు. కాయ ఎవరు రాల్చినా వలవడం అందరూ కలిసే, పోయేటప్పుడు ఎవరి వాటా వాళ్లది. కాలు బెణికితే ఆకు కోసుకోవడానికో, ఇత్తడి బిందె తోముకోవడానికి పిడికెడు పండు కోసమో ఏడాది పొడుగునా ఎవరో ఒకరు వచ్చి, వచ్చిన పని మరిచిపోయి కూర్చునేవారు. ఇప్పుడు పెరటి గేటుకి తాళం. ఇవాళ చెట్టు కొట్టేస్తున్నారు.

"మా ఆవిడకి భయమండీ, కొమ్మ విరిగి పిల్ల మీద పడుతుందని. తల్లి మనసు, ఏం చేస్తాం!" అని వీధంతా చెప్పుకొచ్చాడు ఆయన. ఆ జాగాలో కారు షెడ్డు వేస్తున్న సంగతి మాత్రం చెప్పలేదు. చెట్టు పోగొడుతున్నది ఆమేనని, ఎదురుపడితే అందరూ మొహం తిప్పుకుంటున్నారు.

భయం మాత్రం అబద్ధమా? పిల్ల బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఏ లారీ కింద పడిందోనని వీధి చివరిదాకా పరుగెత్తుతుంది. మేడమెట్లకి కమ్మీ లేదు, పిల్ల జారిపడుతుందని మొత్తుకుంటే, "నీ భయాలన్నిటికీ కమ్మీలు కట్టిస్తూ పోతే నేను అడుక్కుతినాలి" అన్నాడు. గ్యాసు గొట్టం పాతదైందంటే, "మా కోడలికి ఆకు కదిలినా తుపానే" అని నవ్వింది అత్తగారు. గొట్టం ఇప్పటికీ అదే. ఇన్నేళ్లలో ఆయన పట్టించుకున్నది ఈ కొమ్మ భయం ఒక్కటే.

చెట్లు కొట్టే మనిషి తాడు భుజాన వేసుకొచ్చి, "మొదలెట్టమంటారా అమ్మా?" అన్నాడు.

"ఆవిణ్ణి అడుగుతావేంటయ్యా, ఆవిడ కోసమేగా ఇదంతా!" అన్నాడు ఆయన గుమ్మంలోంచి.

ఆమె లేచింది. "ఆ ఎండుకొమ్మ ఒక్కటి కొట్టు. చెట్టు జోలికి పోకు. మెట్లకి కమ్మీ బిగించే మనిషి ఎవరైనా తెలిస్తే చెప్పు."

"నీకు మతిగానీ పోయిందా? భయమన్నది నువ్వే కదే!"

"అవునండీ, భయం నాదే. దానికి ఏం చెయ్యాలో కూడా నేనే చెబుతాను."

ఎండుకొమ్మ నేలకి దిగేదాకా పిల్లని వంటింట్లో చేయి పట్టుకుని నిలబెట్టింది. తర్వాత పెరటి గేటు తాళం తీసింది. వీధిలో ఎవరూ లేరు. తలుపు బార్లా తెరిచి, తిరిగొచ్చి చాప మీద ఓ అంచుకి జరిగి కూర్చుంది.