ఎదురింటి వైపు తిప్పిన మైకు

నేను ఒక మైకు గొట్టాన్ని. ముందే చెబుతున్నాను, నన్ను తిట్టుకోవద్దు. తెల్లవారకముందే మీ నిద్ర పాడుచేసింది నేనే, కాదనను. కానీ అందులో నా మాట ఒక్కటైనా ఉందా? వెనకాల ఎవరో కూర్చుని గొంతు చించుకుంటారు, ఊరంతా తలెత్తి నన్ను చూసి పళ్ళు నూరుతుంది. ఇదెక్కడి న్యాయమండీ?

నేను పుట్టింది బెజవాడలో ఒక రేకుల షెడ్డులో. అల్యూమినియం రేకును అచ్చు మీద తిప్పి తిప్పి ఇంత వెడల్పు నోరు చేసి, బూడిద రంగు పూసి వదిలారు. మొదట ఒక మైకుసెట్టు ఆయన కొన్నాడు. ఆయన దగ్గర నేను అరవని అరుపు లేదు. పెళ్ళిలో కొత్త దంపతుల మాట ఒకరిది ఒకరికి వినబడకుండా అరిచాను. ఎన్నికలప్పుడు పొద్దున ఒక జెండాకీ సాయంత్రం ఇంకో జెండాకీ అదే ఊపుతో అరిచాను. చివరికి విసుగెత్తి ఆయనే నన్ను అమ్మేశాడు. కొన్నది కృష్ణా కరకట్ట పక్కన ఒక చిన్న ఊరి చర్చి.

అమ్మయ్య, దేవుడి ఇల్లు కదా, కాస్త నెమ్మదిగా బతకొచ్చు అనుకున్నాను. నా పిచ్చి కాకపోతే!

పాస్టరు జెకర్యా మంచివాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే తిట్టిపోయొచ్చు, మంచివాణ్ణి ఏం చేస్తాం? నన్ను చర్చి మీద ఇనప గొట్టానికి కట్టించి, కిందికి దిగి, దూరం నుంచి చూసి, మళ్ళీ పైకెక్కి నా మూతిని సరిగ్గా ఎదురింటి వైపు తిప్పాడు. ఆ ఇల్లు నేత నేసే నాంచారయ్యది. ఏ ప్రార్థనకు పిలిచినా రాని మనిషి.

"ఆయన రాకపోతే వాక్యమే ఆయన దగ్గరికి వెళుతుంది," అన్నాడు జెకర్యా సంతోషంగా.

వెళ్ళింది. రోజూ వెళ్ళింది. కోడి కూయకముందే వెళ్ళింది. నాంచారయ్య చెవుల్లో దూది పెట్టుకున్నాడు, మంచం పెరట్లోకి మార్చుకున్నాడు, ఒకనాడు ఓపిక నశించి గులకరాయి విసిరాడు. నా అంచున సొట్ట పడింది. ఆ ఆదివారం జెకర్యా ఏమన్నాడో తెలుసా? సువార్త కోసం శ్రమలు తప్పవన్నాడు. దెబ్బ తిన్నది నేను, శ్రమ ఆయనదట!

అలా ఉండగా నాంచారయ్యకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దయింది. పిల్లల్లేరు. చూడటానికి వచ్చినవాళ్ళు అరటిపళ్ళు పెట్టి, అయ్యో అని, టీ తాగి వెళ్ళిపోయారు. భార్య భూలక్ష్మి ఒంటి చేత్తో ఆ భారీ మనిషిని పక్కకు తిప్పలేక గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే పైనుంచి నేను చూశాను.

నాతోపాటు చూసిన మనిషి ఇంకొకరున్నారు. జెకర్యా తల్లి దెబోరమ్మ. భర్త మంచాన పడితే ఏళ్ళ తరబడి చేసిన మనిషి ఆవిడ. వేడినీళ్ళ బిందె చంకనెత్తుకుని రోడ్డు దాటింది. "ఏం తమ్ముడూ, ఒక పక్కే పడుకుంటే ఒళ్ళు పుండవదా? లే, తిరుగు," అని లోపలికి వెళ్ళిపోయింది. మొదట నాంచారయ్య మూలిగాడు, కసిరాడు. చర్చివాళ్ళను తన ఇంటి గడప దాటనివ్వని మనిషి, పరాయి ఆడమనిషి ముందు ఒంటి మీద బట్ట లేకుండా పడుకోవడమంటే మాటలా? కానీ దెబోరమ్మ లోపల చూసింది లోపలే వదిలి వచ్చేది. వారాలు గడిచే కొద్దీ వీపు మీద పుండ్లు మానుముఖం పట్టాయి. భూలక్ష్మి ఆవిడను "వదినా" అని పిలవడం మొదలుపెట్టింది.

ఆవిడ ఇంటికి రాగానే జెకర్యా అడిగేవాడు. "ఏమన్నా చెప్పావా అమ్మా, ప్రభువు గురించి?"

"ఏం చెప్పాల్రా? వీపు తుడిచొచ్చా."

"అయితే ఏం లాభం?"

దెబోరమ్మ కొడుకు వైపు ఒక చూపు చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. ఆ చూపు నాకర్థమైంది, రేకు ముక్కకు. డిగ్రీ చదివిన పాస్టరుకు అర్థం కాలేదు.

ఒక సాయంత్రం వాళ్ళ ఇంటి ప్రార్థనలో దెబోరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని నాంచారయ్య కోసం ప్రార్థించింది. పుండ్ల గురించి చెప్పింది. పక్క తడిసిపోతోందని, ఆ సిగ్గుతో ఆయన కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడని చెప్పింది. దేవుడికి చెప్పుకుంది తల్లి. విన్నది కొడుకు. విని కరిగిపోయాడు.

ఆ కరిగినవాడు ఊరుకోవచ్చుగా? మర్నాడు తెల్లవారుజామున మైకు ముందు కూర్చుని, గద్గదమైన గొంతుతో, నా నోటి గుండా, సరిగ్గా ఆ ఇంటి వైపు మొదలుపెట్టాడు. "ప్రియులారా, మన ఎదురింటి నాంచారయ్య గారి కోసం భారంగా ప్రార్థిద్దాం. వారి వీపంతా పుండ్లు పడ్డాయి ప్రభువా! మంచంలోనే అన్నీ అయిపోతున్నాయి ప్రభువా!"

ఓరి నాయనోయ్! నాకు గొంతు నొక్కుకునే చేతులుంటే నొక్కుకునేవాణ్ణి. పాలకు పోయేవాళ్ళు ఆగి విన్నారు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి విన్నారు. కరకట్ట అవతలిదాకా వినబడింది. కిటికీలోంచి చూశాను, నాంచారయ్య కదిలే ఎడమ చేత్తో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఎప్పటిలాగే దెబోరమ్మ బిందెతో వెళ్ళింది. భూలక్ష్మి తలుపు సగమే తీసింది.

"వద్దులే వదినా. మీ మేలొద్దు, మీ నీళ్ళొద్దు. ఆయన చచ్చిపోతానంటన్నాడు."

"నేనెవరికీ చెప్పలేదే, భూలచ్చిమీ!"

"మరి మీ మైకుకెట్టా తెలిసింది?"

తలుపు మూసుకుంది. చూశారా, మళ్ళీ నేనే!

దెబోరమ్మ తిరిగొచ్చి కొడుకును కడిగి పారేసింది. "నీకున్న నోరు చాలకనా, ఆ రేకు నోరొకటి తెచ్చి నెత్తిన పెట్టావ్?"

"ప్రేమతోనే కదమ్మా చేసింది!"

"నీ ప్రేమకు ఆ మనిషి వీపు మళ్ళీ కుళ్ళుద్ది. కనుక్కో పో."

నిజమే. ఆ ఇంట్లోంచి మూలుగు పెరిగింది. దెబోరమ్మ రోజూ నీళ్ళు కాచి ఆ గుమ్మంలో నిలబడేది, చల్లారాక వెనక్కి వచ్చేది. జెకర్యాకు తిండి సహించలేదు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టాడు. ఏమిటనుకుంటున్నారు? మైకులో క్షమాపణ చెబుతాడట! ఊరందరూ వినేలా! నాకు తల బాదుకోవాలనిపించింది. వైరు తగిలిస్తుండగా దెబోరమ్మ వచ్చి ఊడబెరికింది.

"మళ్ళీ ఆయన పేరు ఊళ్ళో మోగిస్తావా? నువ్వు తప్పు చేసింది ఎవరికిరా? ఊరికా, ఆయనకా? కిందికి దిగి నడిచిపో."

జెకర్యా నిచ్చెన వేసుకుని పైకొచ్చాడు. తుప్పు పట్టిన నట్లు విప్పి, నన్ను భుజాన వేసుకుని, పట్టపగలు, జనం చూస్తుండగా రోడ్డు దాటి, నాంచారయ్య అరుగు మీద నన్ను బోర్లించాడు.

"అత్తా," అన్నాడు తలుపు దగ్గర నిలబడి. ఆ పిలుపు అతని నోట నేను వినడం అదే మొదలు. "తప్పు చేశాను. ఇది ఇంక అరవదు. మీ అరుగు మీదే పెట్టేస్తన్నా."

తలుపు తెరుచుకుంది. భూలక్ష్మి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఆ డొక్కు నాకెందుకయ్యా? రాత్రి నుంచి ఆయన ఒకే పక్కన పడున్నాడు. నా వల్ల కావట్లేదు. వచ్చి పట్టుకో."

పెద్ద పెద్ద సభల్లో చేతులెత్తి ప్రసంగించిన జెకర్యా, ఆ వాసనకు గుమ్మంలో ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి లోపలికి వెళ్ళాడు. వెనకే బిందెతో దెబోరమ్మ. ఆ రోజు తడిసిన బట్టలు బోరింగు దగ్గర ఉతికింది పాస్టరే. మా విశ్వాసుల్లో కొందరికి అది నామోషీ అయింది. "మన అయ్యగారికి ఇదేం ఖర్మ?" అన్నారు. ఎవరూ వెళ్ళి ఒక గుడ్డ పిండలేదనుకోండి, అది వేరే విషయం.

జెకర్యా మాత్రం రోజూ వచ్చాడు. తిప్పాడు, తుడిచాడు, గడ్డం గీశాడు. నాంచారయ్య చాలాకాలం అతని ముఖం చూడలేదు, గోడ వైపు తిరిగి చేయించుకునేవాడు. జెకర్యా కూడా ఒక్క వాక్యం ఎత్తలేదు. ఎత్తబోయి నాలుక కరుచుకున్న రోజులున్నాయి, నాకు తెలుసు.

ఇక నా సంగతి. అరుగు మూల బోర్లా పడి ఉన్నాను. సొట్ట పడిన చోట సందులోంచి భూలక్ష్మి కోడిపిల్లలు దూరి లోపల పడుకుంటున్నాయి. వాటి తల్లి నా నెత్తికెక్కి కూర్చుంటుంది. ఊళ్ళను ఉర్రూతలూగించిన నా బతుకు కోళ్ళగంప పాలైంది. రెట్టల సంగతి చెప్పను, మీరు భోంచేసి ఉంటారు.

నిన్న సాయంత్రం జెకర్యా పని ముగించి లేవబోతుంటే, లోపలి నుంచి నాంచారయ్య ముద్దమాట వినిపించింది.

"అల్లుడూ... కూకో."

గోడకు కాకుండా ఇటు తిరిగి పలికినట్టుంది, స్పష్టంగానే వినబడింది.

"ఆ రోజు... మీ దేవుణ్ణి... నా గురించి అడిగావే. ఇప్పుడడుగు. నాకొక్కడికే... వినబడేట్టు."

జెకర్యా మంచం పక్కన కూలబడిన చప్పుడు అయింది. తర్వాత, ఊరు దద్దరిల్లేలా ప్రార్థించే ఆ మనిషి గొంతు ఎంత తగ్గించాడంటే, గోడకు ఇవతల ఉన్న నాకు గుసగుస తప్ప మాట అందలేదు. ఇన్నేళ్ళూ ఎవరూ కోరకపోయినా నా నోటి గుండా అన్నీ అరిచాడు. ఎదురింటాయన నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క ప్రార్థన, అదేమిటో నాకు తెలియకుండా పోతోంది! నాకు ఏడుపొచ్చింది. రేకంతా చెవి చేసుకుని ఆ గుసగుస పట్టుకోబోయాను.

సరిగ్గా అప్పుడే నా నెత్తిన కూర్చున్న కోడి రెక్కలు విదిల్చి, కొక్కొక్కో అని ఊరంతా వినబడేలా అందుకుంది.

ఒసేయ్, నీకు దండం పెడతాను, కాసేపు నోరు మూసుకోవే. నన్ను విననీ.