కొడుకు దిద్దిన పేర్లు

పొద్దుటి నుంచి మడిలో వంగి నాటేసిన నడుము తిన్నగా కాకముందే, అలివేలును బండి మీద ఎక్కించుకొచ్చి హైవే పక్కన నిలబెట్టారు. కాళ్లకు బురద అలాగే ఉంది. ఎవరో చేతిలో కొబ్బరికాయ పెట్టారు. ఎదురుగా ఫ్లెక్సీలో ఆమె కొడుకు ప్రవీణ్ మిలిటరీ బట్టల్లో నవ్వుతున్నాడు. వాడి పక్కనే వాడికంటే పెద్దగా మాజీ సర్పంచ్ జనార్దన్ బొమ్మ.

ప్రవీణ్ సరిహద్దులో ప్రాణం వదిలి ఏడాది దాటింది. వాణ్ని తెచ్చిన రోజు మునగాల రోడ్డుకు అటూ ఇటూ జనం నిలబడి ఏడ్చారు. విగ్రహం పెడతామని నాయకులు ఆ రోజే మాటిచ్చారు. ఇన్నాళ్లకు అది నిజంగానే వచ్చింది. గుడ్డ చుట్టుకుని డీసీఎం వ్యానులో పడుకుని ఉంది. దాన్ని ఒక్కసారి చూడాలని అలివేలు ప్రాణం కొట్టుకుంటోంది.

"కాయ కొట్టు అలివేలూ, జేసీబీ స్టార్ట్ చేపిస్త," అన్నాడు జనార్దన్.

"ఏం తవ్వుతరు పటేలా?"

"గా పాత దిమ్మె తీసేస్తం. గాడనే నీ కొడుకు నిలబడ్తడు. రోడ్డు మీద పోయేటోళ్లందరికి కనబడ్తడు."

పాత దిమ్మె అంటే ఊరి అమరుల స్తూపం. నైజాం కాలంలో వెట్టికి, రజాకార్లకు ఎదురుతిరిగి ప్రాణాలిచ్చిన కూలీల పేర్లు దాని మీద ఉన్నాయి. దాని వెనకే జనార్దన్ కొత్త వెంచర్. గేటు పక్కనే ఎర్ర స్తూపం ఉంటే ప్లాట్లు కొనేవాళ్లకు నచ్చదట. అదే సైనికుడి విగ్రహమైతే గేటుకు కళ. అమరుల్ని కూలగొట్టడానికి అమరుణ్నే అడ్డం పెట్టుకునే తెలివి ఇలాంటి పెద్దమనుషులకే ఉంటుంది.

అలివేలు స్తూపం దగ్గరికి నడిచింది. ఎరుపు అక్కడక్కడ వెలిసింది కానీ తెల్లటి పేర్లు చక్కగా కనిపిస్తున్నాయి. సెలవు మీద వచ్చినప్పుడల్లా ప్రవీణ్ సంచి ఇంట్లో పడేసి, రంగు డబ్బాలు తెచ్చుకుని, ఎండలో కూర్చుని ఒక్కో పేరు దిద్దేవాడు. ఎందుకు బిడ్డా ఈ తిప్పలు అంటే నవ్వేవాడు. "నాకు బందూకిచ్చి జీతమిస్తున్నరమ్మా. వీళ్లు రెండూ లేకుంటనే కొట్లాడిండ్రు."

ఆఖరిసారి వేసిన రంగులో కుంచె వెంట్రుక ఒకటి అతుక్కుని ఉంది. అలివేలు దాన్ని వేలితో తడిమింది. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

జేసీబీ డ్రైవర్ నాగేష్‌ది చివ్వెంల ఊరు. ఇంజన్ ఆన్ చేసి పెట్టుకున్నాడు కానీ, కాయ కొట్టనిదే బకెట్ ఎత్తడు. "జర జల్ది కొట్టమ్మా, నాకు ఇంకో కిరాయి ఉన్నది," అన్నాడు సీట్లోంచి.

అలివేలు వెనక్కి వచ్చి కొబ్బరికాయను జనార్దన్ చేతిలో పెట్టింది.

"నేను కొట్ట."

"గదేంది? నీ కొడుకు విగ్రహం వద్దా?"

"కన్నదాన్ని, వద్దని ఎట్లంట? గని వీళ్లను కూలగొట్టిన జాగల నా కొడుకు నిలబడడు. పక్కన పెట్టు. నీ గేటు కాడ మస్తు జాగున్నది."

"గేటు కాడ పెడితే కార్లు ఎట్ల తిరుగుతయి?" అనేసి, జనార్దన్ గొంతు తగ్గించాడు. "సూడు, ఇయ్యాల కాకుంటే విగ్రహం వాపస్ పోతది. మల్ల నన్ను అడగొద్దు."

అలివేలు డీసీఎం వైపు చూసింది. గుడ్డ జారి విగ్రహం బూటు ఒకటి బయటికి కనిపిస్తోంది.

"వాపస్ పంపు," అంది చివరికి.

వెళ్లి స్తూపం అరుగు మీద కూర్చుంది. బురద కాళ్లు ముందుకు చాపి, కొడుకు దిద్దిన పేర్లకు వీపు ఆనించింది.

"నేనే కొడ్త, నువ్వు బకెట్ ఎత్తు," అన్నాడు జనార్దన్ డ్రైవర్‌తో.

"తల్లి గాడ కూసున్నంక ఎట్ల ఎత్తుత సార్?" నాగేష్ ఇంజన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. హైవే మీద లారీల చప్పుడు మాత్రం మిగిలింది. జనార్దన్ కొబ్బరికాయ పట్టుకుని ఎండలో నిలబడ్డాడు.

"బిడ్డా," అని పిలిచింది అలివేలు నాగేష్‌ను. "గా గుడ్డ జర కిందికి గుంజు. వాని కాళ్లకు ఎండ తగులుతాంది."