వీధికో దండెం

రోలరు ఆగలేదు. ముందు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఆ తర్వాత కంపెనీ చెప్పిందంతా "వెంటనే ఆగింది" అనే అబద్ధం మీదే నిలబడింది.

మాది లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు రక్తం మరకలతో సహా మా దగ్గరికే వస్తాయి. ఉతికిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, నిప్పులా కాలే ఇస్త్రీ రోలరులోకి అందించాలి. రోలరు ముందు ఒక అడ్డకడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే చాలు, మెషీన్ ఠక్కున ఆగిపోవాలి. మాటిమాటికీ ఆగుతోందని, పని వెనకబడుతోందని ఆ కడ్డీని కదలకుండా వైరుతో కట్టేశారు. మేమందరం చూశాం. చూసి చూసి అలవాటు పడ్డాం.

ఆ రోజు అవతలి కొస పట్టుకున్నది వదిన. వరసకు వదిన కాదు. ఏళ్ళ తరబడి ఒకే దుప్పటికి చెరో పక్కా నిలబడితే వదిన కాక ఏమవుతుంది? తడి కొస ఆమె వేళ్ళకు చుట్టుకుంది. దుప్పటితో పాటు చెయ్యి కూడా వెళ్ళింది. నేను పరిగెత్తి ఎర్ర బటన్ కొట్టేదాకా రోలరు తిరుగుతూనే ఉంది.

ట్రాలీ తోసే అతను అదంతా ఫోన్లో తీసి కంపెనీ యాప్‌లో పెట్టాడు. దాని పేరు "మన కుటుంబం". షిఫ్టులు అందులోనే వేస్తారు, సెలవు అందులోనే అడగాలి. మేం టీ తాగి వచ్చేసరికి వీడియో లేదు. దాని చోట మేనేజరు సందేశం ఉంది: "అజాగ్రత్త వల్ల ప్రమాదం. మెషీన్ వెంటనే ఆగింది. సోదరి త్వరగా కోలుకోవాలని ప్రార్థిద్దాం." వీడియో ఏదని అడిగినవాళ్ళు యాప్‌లోంచి మాయమయ్యారు. యాప్‌లో లేనివాళ్ళకి షిఫ్టు లేదు. కుటుంబమట! నోరు నొక్కి, చేతులు జోడించమనే కుటుంబం.

యూనియన్ గదిలో మీటింగు పెట్టాం. మా నాయకుడు మైకు మామ. లాండ్రీలో మెషీన్లు బాగుచేసే ఫిట్టరు. మైకు దొరికితే వదలడు, దొరక్కపోతే టీ గ్లాసు పట్టుకునైనా మాట్లాడతాడు.

"ఇంకో యాప్‌లో గ్రూపు పెట్టుకుందాం," అన్నాడు.

"అది ఇంకో యజమానిది మామా. అద్దె కొంప మారితే సొంతిల్లు అయిపోద్దా?" అంది స్క్రూ. సెల్‌ఫోన్ రిపేరు షాపు నడిపే పిల్ల. ఎవరు ఏ పేరుతో పిలిచినా పలకదు గానీ స్క్రూ అంటే పలుకుతుంది.

"మరేం చేద్దామంటావే?"

"మనదే కట్టుకుందాం. పాత కంప్యూటర్లు నా షాపులో మూలుగుతున్నాయి. వీధికొకటి పెడదాం. ఇంటి కప్పుల మీద యాంటెనాలు, మన ఫోన్లకి అందేలా. బయట నెట్ ఆపేసినా మన వీధుల మధ్య మాట ఆగదు. ఎవరేం రాసినా ప్రతి వీధి డబ్బాలోనూ ఒక కాపీ ఉంటుంది."

"పెద్ద డబ్బా ఎక్కడుంటుంది?" మామ అడిగాడు.

"పెద్దదీ లేదు, చిన్నదీ లేదు. ఏ వీధి తాళం ఆ వీధి చేతిలోనే."

"పెద్ద లేని కొంప ఏం బాగుపడుద్ది?" మామ గొణిగాడు.

వెనక నుంచి ఒక ముసలమ్మ, "దండెం లాంటిదంటోందయ్యా. మన ఇంటి ముందు మన దండెం. ఆరేస్తే అందరికీ కనపడుద్ది," అంది. పేరు అలా కుదిరిపోయింది.

సెలవు రోజుల్లో మా లాండ్రీవాళ్ళుండే వీధుల్లో కప్పులెక్కాం. బట్టలారేసే ఇనుప గొట్టాలకే యాంటెనాలు కట్టాం. ఒక వీధి డబ్బా దర్జీ కొట్లో మిషన్ పక్కన, ఒకటి మంగలి షాపు అద్దం వెనక, మా వీధిది మా వంటగది అటక మీద. మొదటి వారం విప్లవమేమీ రాలేదు. ఎవరిదో పోయిన చెప్పు దొరికింది. నీళ్ళ పంపు దగ్గర తగాదా ఒకటి ఊరంతా పాకింది. తర్వాత ఒక్కొక్కరే షిఫ్టుల గురించి, కాలిన వేళ్ళ గురించి రాయడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరూ తుడిచెయ్యలేదు!

అప్పుడు మామ ట్రాలీ అతని దగ్గర్నుంచి వీడియో తెచ్చి దండెం మీద పెట్టించాడు. అన్ని వీధులూ చూశాయి. కార్మిక శాఖ విచారణ దగ్గర పడుతోంది. తప్పు వదినదని తేలితే చెయ్యి పోయినదానికి తోడు ఉద్యోగం కూడా పోతుంది. "ఇదే మన ఆయుధం," అని మామ గ్లాసు ఊపాడు. మేం చప్పట్లు కొట్టాం.

ఆసుపత్రి నుంచి వదిన నేరుగా మీటింగుకి వచ్చింది. మోచేతి దాకా కట్టు.

"ఆ వీడియో తీసెయ్యండి," అంది.

మామ గ్లాసు కింద పెట్టాడు.

"అదేంటమ్మా, అదే కదా నీ సాక్ష్యం!" అన్నాడు మామ.

"నేనేమంటున్నానో విన్నావా మామా అందులో? 'సార్, పనిలోంచి తియ్యకండి సార్' అంటున్నా. చెయ్యి లోపలుంది, నోరు బయటుంది. ఆ నోటితో మేనేజరుని బతిమాలుకున్నా. నా కూతురు చూసింది. 'చెయ్యి కాపాడమని ఎందుకు అడగలేదమ్మా' అంది. ఏం చెప్పను?"

"మనిషన్నాక..."

"వాళ్ళు నన్నడక్కుండా తీసేశారు. మీరు నన్నడక్కుండా పెట్టారు. ఏంటి తేడా?"

పెట్టే హక్కు కోసం కొట్లాడాం గానీ, ఎవరిని అడిగి పెట్టాలో మాకు తట్టనే లేదు.

మామ స్క్రూ వైపు వేలు చూపించాడు. "తియ్యకు. విచారణ అయ్యేదాకా తియ్యకు."

"నేను తీద్దామన్నా అవదు మామా. తీస్తే ఒక్క నా వీధిలోనే పోద్ది. ఏ వీధిది ఆ వీధే తియ్యాలి."

"అయితే వీధి వీధికీ వెళ్ళి అడుగుతా," అంది వదిన.

తోడు నేను వెళ్ళాను. దర్జీ కొట్టు ముందు జనం మూగారు. తియ్యం అన్నారు. వీడియో పోతే విచారణలో ఏం చూపిస్తామన్నారు. న్యాయమైన ప్రశ్నే. వదిన అరుగు మీద కూర్చుంది.

"అందులో ఏం కనిపిస్తోంది? నా చెయ్యి, నా ఏడుపు. వైరు కనిపిస్తోందా?"

దర్జీ మళ్ళీ పెట్టి చూశాడు. కనిపించలేదు. ఎంత చూసినా చెయ్యే. చూసిన ప్రతివాడూ అయ్యో పాపం అన్నాడు గానీ, ఎందుకు జరిగిందని అడగలేదు.

"నువ్వు ఏ మెషీన్ మీద చేస్తావు?" వదిన ఒకామెను అడిగింది.

"కిటికీ పక్కది."

"దాని కడ్డీ కదులుద్దా?"

ఆమె తలొంచుకుంది. "లేదక్కా. కట్టేసుంది."

"నాదీ," అంది ఇంకొకామె. "నాదీ."

ఆ వీధి వీడియో తీసేసింది. దాని చోట తమ గొంతులు పెట్టింది. ఫలానా మెషీన్, ఫలానా షిఫ్టు, కడ్డీ కట్టేసి ఉంది, నేను చూశాను. పక్క వీధి అలాగే చేసింది. ఆ పక్కది కూడా. వదిన తన నోటితోనే చెప్పింది: "నేను బతిమాలాను. మీరైనా బతిమాలేవాళ్ళే. మనల్ని అలా తయారుచేశారు." సిగ్గుపడాల్సింది తను కాదని చెప్తున్నకొద్దీ ఆమె వెన్ను నిటారుగా అయింది. నేను పక్కనుండి చూశాను.

మామ వీధి ఒక్కటే మిగిలింది. తాళం ఆయన దగ్గరే ఉంది. గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో గ్లాసు కూడా లేదు.

"తియ్యలేనమ్మా. ఆ వీడియో ఉంటే జనం నీ చెయ్యి చూస్తారు. అది లేకపోతే..."

"లేకపోతే ఏం చూస్తారు మామా?"

మామ గుమ్మానికి ఆనుకున్నాడు. మైకు మామ గొంతు తగ్గించి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"వైరు కట్టింది నేను," అన్నాడు. "మేనేజరు కట్టమన్నాడు. కట్టకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు. నేనూ బతిమాలినవాణ్ణే తల్లీ. కాకపోతే నన్నెవడూ వీడియో తియ్యలేదు."

నేను చెయ్యెత్తాను. కొట్టేదాన్నే. వదిన అడ్డం వచ్చింది.

"ఆ మాట దండెం మీద చెప్పు మామా," అంది. "నేను చెప్పమంటే కాదు. నువ్వు చెప్తానంటేనే."

ఆయన వీడియో తీసేశాడు. తన గొంతు పెట్టాడు. తెల్లారేసరికి ప్రతి ఇంట్లోనూ ఆ గొంతే.

మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. మేనేజరు కారులోంచి దిగలేదు.

"పెద్ద మెషీన్ ఎక్కడుంది? అందులోంచి అదంతా తీసెయ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఒకప్పుడు మామ అడిగిన ప్రశ్నే అది. మామ నవ్వాడు. "పెద్దది లేదు సార్. వీధి వీధికీ వెళ్ళి అడగాలి. ఈ తల్లి అడిగింది, ఒప్పుకున్నారు. మీరూ అడిగి చూడండి."

జనం గొల్లుమన్నారు. ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండింది. "కట్టింది నువ్వేనని నువ్వే చెప్పావుగా? పద," అని బేడీలు వేశాడు. కట్టమన్న నోరు ఏసీ కారులో ఉంది. కట్టిన చేతులకి బేడీలు!

"మామా, ఏదో ఒకటి చెప్పు!" ఎవరో అరిచారు.

"నాకెందుకు మైకు? మీ అందరికీ ఉందిగా," అన్నాడు వ్యాను ఎక్కుతూ.

పోలీసులు నిజంగానే దర్జీ కొట్టుకి వెళ్ళారు. డబ్బా పట్టుకుపోయారు. పక్క వీధిలో, ఆ పక్క వీధిలో మామ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. స్క్రూ అప్పుడే ఇంకో పాత కంప్యూటరు దుమ్ము దులుపుతోంది.

మర్నాడు సైరన్ మోగింది. మేమంతా లోపలికి వెళ్ళాం, మెషీన్ల ముందు నిలబడ్డాం. గేటు దగ్గర ఆపినా ఆగకుండా వదిన కూడా వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆమె ఎడమ చేత్తో కటింగ్ ప్లేయరు అందుకుంది. నేను వైరు బిగించి పట్టుకున్నాను. తెగింది. కిటికీ పక్క మెషీన్ దగ్గర ఇంకొకటి తెగింది. తర్వాత హాలంతా అదే చప్పుడు.

"ఇక మొదలుపెట్టండి," అని అరిచాడు మేనేజరు.

"మామ బయటికి వచ్చి ఈ కడ్డీలు సరిచూడాలి," అంది వదిన. "అప్పటిదాకా కాదు."

తడి దుప్పట్లు ట్రాలీల్లో గుట్టలుగా పేరుకుపోయాయి. ఎవ్వరం ముట్టుకోలేదు.